రెక్కల్లేని పెట్ట: ఇరవై రెండో రోజు

దీపాలాయన మెడలోని బిళ్ళ కోసం కోళ్ళ సంఘం పెద్ద చెయ్యి చాచి నిలబడ్డ చోట పోయినవారం కథ ఆగింది. ఆ చెయ్యి ఇంకా అలాగే చాచి ఉంది.

ఆ చేతికి ఎదురుగా ఇనప తలుపు. తలుపు వెనక, పొదిగే గదిలో, ఆరువేల గుడ్లు. వాటిని పెట్టిన కోళ్ళు ఇప్పుడు లేవు. పోయిన నెల ఎండలకి మూడు రోజుల్లో పద్నాలుగు ఇళ్ళ షెడ్లూ ఖాళీ అయిపోయాయి. అంతకుముందే ఏరి చల్లగదిలో దాచిన గుడ్లు మాత్రం మిగిలాయి. వాటినే ఇక్కడ పొదగేశారు. ఆ జాతి కోడి మళ్ళీ ఈ చుట్టుపక్కల తిరగాలంటే ఈ తలుపులోంచే రావాలి. అందుకే పద్నాలుగు ఇళ్ళవాళ్ళూ పొద్దున్నే వచ్చి వరండాలో చేరారు. ఒకరు గోరువెచ్చని నీళ్ళ బేసిన్లు తెచ్చారు, ఒకరు పాత మెత్తని గుడ్డలు తెచ్చారు. చేతులు సబ్బుతో కడుక్కుని, ఎక్కడా ముట్టుకోకుండా, ఆపరేషన్‌కి సిద్ధమైన డాక్టర్లలా పైకెత్తి పట్టుకుని కూర్చున్నారు కొందరు.

మామూలుగా అయితే ఇరవయ్యో రోజు సాయంత్రానికే లోపల పెంకులు పొడుచుకోవడం మొదలవ్వాలి. ఇరవై ఒకటో రోజు గడిచేసరికి గదంతా గోల గోలగా ఉండాలి. ఇవాళ ఇరవై రెండు. తలుపుకి ఉన్న చిన్న గాజుకంతలోంచి చూస్తే గుడ్లు నున్నగా, తెల్లగా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఇయ్యి బావా" అన్నాడు సంఘం పెద్ద. వాళ్ళిద్దరికీ చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పట్నుంచీ పిలుపు అది. "నేను నాది నొక్కేశాను. దాణా కొట్టాయన తనదీ నొక్కేశాడు. ఇంకొక్కటి చాలు. లోపల పిల్లలు పెంకు పగలగొట్టే ఓపిక లేక గింజుకుంటున్నాయో ఏమో. గోటితో గిల్లి బయటికి తీసుకుందాం. వంద బతికినా చాలు, మళ్ళీ జాతి నిలబడుతుంది."

దీపాలాయన పలకలేదు. పలకకపోవడం ఆయనకి కొత్త కాదు, వినేవాళ్ళకీ కొత్త కాదు. చీకటి గదిలో దీపం ముందు గుడ్డు పెట్టి, లోపల ప్రాణముందో లేదో చెప్పడం ముప్పై ఏళ్ళుగా ఆయన పని. "ఉంది", "లేదు". ఆ రెండు మాటలతోనే ఆయన రోజులు గడిచిపోయాయి. మూడో మాట వాడాల్సి వస్తే ముందు గొంతు సవరించుకునేవాడు.

బిళ్ళ సంగతి ఇక్కడ ఒకసారి చెప్పుకోవాలి. ఆ గదిని నడిపేది మనిషి కాదు. దీపాలాయన కోడలు తెచ్చి పెట్టిన ఏజెంటు, ఒక ప్రోగ్రాము. వేడి పెంచడం, తేమ తగ్గించడం, ట్రేలు అటూ ఇటూ వంచడం, అన్నీ ఎవరినీ అడక్కుండా తనే చూసుకుంటుంది. అందుకే జనం దానికి 'పెట్ట' అని పేరు పెట్టుకున్నారు. అయితే ఈ పెట్ట చాటుగా ఏ పనీ చెయ్యదు. చేసిన ప్రతిదీ బ్లాక్‌చెయిన్‌లో రాస్తుంది. అదొక లెక్కల పుస్తకం, అయిదుగురి ఇళ్ళలో అయిదు పెట్టెల్లో ఒకేలా ఉంటుంది. ఒక ఇంట్లో ఎవరైనా ఒక అంకె దిద్దితే మిగతా నాలుగూ అది అబద్ధమని పట్టేస్తాయి. పైగా రాసిన ప్రతి పని పక్కనా ఒక సాక్ష్యం ఉంటుంది: మీరు ఒప్పుకున్న నియమం ప్రకారమే లెక్క కట్టాను అని. లెక్కంతా మళ్ళీ చెయ్యక్కర్లేదు. ఫోనులో ఆ సాక్ష్యాన్ని తాకితే రెప్పపాటులో పచ్చగా వెలుగుతుంది, తేడా ఉంటే ఎర్రగా.

ఆ నియమం మార్చాలన్నా, పిల్లలు బయటపడకముందు తలుపు తియ్యాలన్నా అయిదు బిళ్ళల్లో మూడు నొక్కాలి. సంఘం పెద్దకొకటి, దాణా కొట్టాయనకొకటి, పశువుల డాక్టరమ్మకొకటి, చివరింటావిడకొకటి, దీపాలాయనకొకటి. నియమాలు రాసిన కోడలికి మాత్రం లేదు. రాసినవాళ్ళ చేతిలో తాళం ఉండకూడదని తనే పట్టుబట్టింది. ఇంకో సంగతి, ఆ బిళ్ళ ఈ తలుపు దగ్గర నిలబడి నొక్కితేనే పనిచేస్తుంది. ఇంట్లో కూర్చుని నొక్కితే అది ఉత్త బొత్తాం.

"నన్నొక్కణ్ణే అడుగుతావేం?" అన్నాడు దీపాలాయన చివరికి, గొంతు సవరించుకుని.

"అడక్కేం! డాక్టరమ్మగారు నువ్వు నొక్కితే నొక్కుతానంటారు. ఇదిగో, ఈవిడ్ని అడిగితే..."

"నన్నడగొద్దు" అంది చివరింటావిడ. ఆవిడది ఊరికి చివరిల్లు, గొంతు మాత్రం మొదటింటికి వినిపిస్తుంది. "అన్నయ్య ఊఁ అంటే నొక్కుతాను. ఊహూఁ అంటే నా మొగుడొచ్చి బతిమాలినా నొక్కను."

"నీ మొగుడు పోయి ఎనిమిదేళ్ళయిందిగా" అన్నాడు సంఘం పెద్ద.

"అందుకే అంత ధైర్యంగా చెబుతున్నా."

బేసిన్ల దగ్గర ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. నవ్వే సమయం కాదని గుర్తొచ్చినట్టుంది.

సంఘం పెద్ద చెయ్యి దించాడు. దించి కోడలి వైపు తిరిగాడు. చెడ్డవాడు కాదు. రెండు రాత్రులుగా నిద్రలేని మనిషి. "నీ పెట్టే ముంచిందమ్మా మమ్మల్ని."

కోడలు ఫోను చాచింది. "అలా అనకండి బాబాయ్. ఇరవై ఒక్క రోజుల పనీ ఇందులో ఉంది. ఎక్కడైనా ఒక్కటి ఎర్రగా చూపించండి, మీరన్నట్టే ఒప్పుకుంటాను."

"నేను చూపించేదేంటి. నువ్వే చూపించు."

"కాదు, మీరే. మీకు తోచిన రోజు చెప్పండి."

సంఘం పెద్ద గెడ్డం గీరుకున్నాడు. "తొమ్మిదో రోజు. మధ్యాహ్నం. నేను పడుకున్న టైములో."

పచ్చగా వెలిగింది.

"పదిహేడో రోజు. తెల్లారగట్ట."

పచ్చ.

"మొదటిరోజు. మొట్టమొదటిది."

అదీ పచ్చే. ఆయన ఫోను తన చేతిలోకి తీసుకుని, బొటనవేలితో పైకీ కిందకీ తోస్తూ ఎక్కడపడితే అక్కడ నొక్కాడు. పరీక్షలో పక్కవాడి కాగితంలో తప్పు వెతికేవాడిలా వెతికాడు. పచ్చ, పచ్చ, పచ్చ. ఫోను తిరిగిచ్చేశాడు.

"సరే. లెక్క తప్పలేదు."

"తప్పలేదు బాబాయ్."

"గుడ్లూ పగల్లేదు."

కోడలు ఫోను మళ్ళీ ఒకసారి పైనుంచి కిందికి తోసి చూసింది. పెదవి కొరుక్కుంది. మూడు రోజులుగా ఆ పిల్ల కూడా సరిగా తినలేదని దీపాలాయనకి తెలుసు. ఇంట్లో కంచం ముందు కూర్చుని ఫోను చూసుకుంటూ లేచిపోతోంది.

"మరి ఏం చూసి కట్టిందమ్మా ఆ లెక్క?" అన్నాడు సంఘం పెద్ద. ఈసారి గొంతులో కోపం లేదు, నిజంగానే తెలియక అడిగాడు.

"గుడ్ల దగ్గరి వేడి చూసి. సెన్సరు తీగ ఉంటుంది. మధ్య వరస ట్రేల నడుమ, గుడ్డుకి బెత్తెడు దూరంలో వేలాడుతూ ఉంటుంది. నా చేత్తో నేనే కట్టాను."

'వేలాడుతూ' అన్న మాట దగ్గర దీపాలాయన కుడిచెయ్యి తనంతట తనే కొంచెం పైకి లేచింది. భుజం దాటి, చెవి దాటి, గాలిలో ఏదో తగిలించబోయినట్టు ఆగింది. ఎవరూ చూడలేదు. ఆయన చూసుకున్నాడు.

చెయ్యి మెల్లగా దించుకున్నాడు.

గుడ్లు పెట్టే ముందురోజు గది కడిగింది ఆయనే. ట్రేల బండి బయటికి లాగుతుంటే ఆ తీగ అడ్డమొచ్చింది. అంతకుముందు రెండుసార్లు అలాగే బండి చక్రానికి చుట్టుకుని తెగిపోయింది. రెండుసార్లూ కోడలు విసుక్కోకుండా అతికించింది. మూడోసారి తెంపితే బాగుండదని, తెగకముందే తీసి పక్కన తగిలించాడు. ఎక్కడ తగిలించాలో ఆలోచించలేదు. చేతికే తెలుసు. లోపల కుడిపక్క గోడకి, పైన, వేడి తీగచుట్టకి దగ్గరగా ఒక మేకు ఉంది. ముప్పై ఏళ్ళు ఆయన పాదరసం థర్మామీటరు వేలాడింది ఆ మేకుకే. తరవాత గది కడిగాడు, సున్నం కొట్టాడు, బండి తోశాడు, గుడ్లు పెట్టాడు. తీగ మేకు మీదే ఉండిపోయింది.

ఆ మేకు దగ్గర వేడి ఎప్పుడూ ఒక డిగ్రీ ఎక్కువ. అది ఆయనకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు. మేకు దగ్గర వంద చూపిస్తే గుడ్డు దగ్గర తొంభై తొమ్మిది అని మనసులోనే తీసేసుకుని, ఆ ఒక్క డిగ్రీ కలిపి మరీ వేడి పెట్టుకునేవాడు. కానీ ఆ తీసివేత ఆయన తలలో ఉంది. పెట్ట దగ్గర లేదు. మేకు దగ్గరి వేడినే గుడ్డు దగ్గరి వేడి అనుకుని ఇరవై ఒక్క రోజులు నమ్మకంగా, ఒక్క లెక్కా తప్పకుండా, గుడ్లని ఒక డిగ్రీ చల్లగా పొదిగింది.

మరి తను ఎందుకు పట్టలేకపోయాడు? పాతరోజుల్లో అయితే రోజూ నాలుగు గుడ్లు తీసి మూసిన కంటిరెప్పకి ఆనించి చూసేవాడు. రెప్పకి తెలిసినంత సన్నంగా వేడి వేలికి తెలీదు. అరడిగ్రీ తేడా ఉన్నా రెప్ప చెప్పేస్తుంది. కానీ గుడ్లు పెట్టడానికి వారం ముందే కంట్లో శుక్లం తీయించుకున్నాడు. నెలన్నర దాకా కంటికి ఏదీ తగలనివ్వొద్దని కళ్ళ డాక్టరు ఒకటికి పదిసార్లు చెప్పాడు. కాబట్టి ఈ దఫా రెప్పని పక్కన పెట్టేశాడు. పద్దెనిమిదో రోజు ముగ్గురు బిళ్ళలు నొక్కి, లోపల్నుంచి తెచ్చిచ్చిన నాలుగు గుడ్లు దీపం ముందు చూసినప్పుడు మాత్రం ఒకటి అనిపించింది: గుడ్డు మొద్దు వైపు గాలిసంచి రోజుకి తగినంత పెరగలేదేమని. కొత్త కన్ను కదా, అన్నీ కొత్తగా కనిపిస్తున్నాయేమోలే అనుకున్నాడు.

"పోనీలే అమ్మా" అంటున్నాడు సంఘం పెద్ద కోడలితో. "నువ్వు మంచికే చేశావు. మన రాత. రేపట్నుంచి ఆ పెట్టెలు అయిదూ తీయించేద్దాం. మీ మావయ్య కళ్ళు చాలు మనకి. ముప్పై ఏళ్ళలో ఆయన రెప్ప ఒక్కసారి తప్పిందా? చెప్పండర్రా, తప్పిందా?"

"తప్పలేదు" అన్నారు బేసిన్ల దగ్గర.

ఆ మెప్పు దీపాలాయనకి చెంపదెబ్బలా తగిలింది.

ఊరుకుంటే ఊరుకోవచ్చు. తీగ మేకు మీద పెట్టడం ఎవరూ చూడలేదు. ఊరుకుంటే ఈ పిల్ల తలవంచుకుని ఇంటికొస్తుంది, రేపు పెట్టెలు మోసుకుని బయట పెడుతుంది, ఎవరినీ ఒక్కమాట అనదు. తన పేరు తన దగ్గర భద్రంగా ఉంటుంది. కానీ ఊరుకుంటే తనూ బిళ్ళ నొక్కక తప్పదు, ఇప్పుడే తలుపు తెరుచుకుంటుంది. లోపలున్నవి చచ్చిపోలేదు, ఇంకా రాలేదంతే. తలుపు తీస్తే తేమ ఒక్కసారిగా పోతుంది, లోపలి పొర ఎండి పిల్లలకి అతుక్కుపోతుంది, గోటితో గిల్లిన ప్రతి పెంకులోంచీ నెత్తురొస్తుంది.

గొంతు సవరించుకున్నాడు. ఆ చప్పుడుకి అందరూ తిరిగారు, ఆయన గొంతు సవరించుకున్నాడంటే ఏదో వస్తుందని తెలుసు కాబట్టి.

"తీగ గుడ్ల మధ్య లేదు. మేకు మీదుంది."

"ఏ మేకు?" అంది కోడలు.

"పాత థర్మామీటరు మేకు. నేనే తగిలించాను."

బేసినులో ఎవరి చెయ్యో జారి నీళ్ళు చిందాయి.

సంఘం పెద్ద టార్చి తీసి గాజుకంతకి ఆనించాడు. మునివేళ్ళ మీద లేచి, తల వంచి, కుడిపక్కకి, పైకి వెలుగు వేశాడు. చాలాసేపు చూశాడు. మనిషి దిగేసరికి నుదుటి మీద గాజుకంత అంచు ఎర్రగా అచ్చుపడింది.

"ఉంది. మేకు మీదే ఉంది. తళతళా మెరుస్తోంది."

కోడలు మామగారి వైపే చూస్తోంది. కోపమో ఏడుపో తెలియని మొహం. "నాతో ఒక్కమాట చెప్పకూడదా మావయ్యా?"

"రెండుసార్లు తెంపాను. మూడోసారి చెప్పడానికి మొహమాటమేసింది."

"మొహమాటానికి ఆరువేల గుడ్లా!"

"తప్పే."

అంత పెద్దమనిషి, పద్నాలుగు ఇళ్ళవాళ్ళ ముందు, కోడలితో ఆ ఒక్కమాట అన్నాడు. తరవాత ఆ పిల్లకి నవ్వొచ్చింది. మూడు రోజుల బిగువు ఒక్కసారిగా విడిపోతే వచ్చే నవ్వు అది. నవ్వుతూనే మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"నవ్వుతావేంటమ్మా" అన్నాడు సంఘం పెద్ద, అయోమయంగా.

"తప్పు దొరికింది బాబాయ్. ఇప్పటిదాకా నాకు భయమేసింది దొరకనందుకు."

"ఓసి దాని దుంపతెగ" అంది చివరింటావిడ. "అంటే దాని కళ్ళకి గంతలు కట్టి, దారి తప్పావేమే అని తిట్టుకుంటున్నామన్నమాట ఇంతసేపూ!"

డాక్టరమ్మ అప్పటికే చేతిసంచి మీద కాగితం పెట్టుకుని ఏదో రాసుకుంటోంది. "ఎన్ని డిగ్రీలు తేడా పెద్దాయనా?"

"ఒకటి."

"ఖాయమేనా?"

"ముప్పై ఏళ్ళు తీసేసుకున్నాను."

"అయితే..." కాగితం మీద గీత కొట్టింది. "ఒక రోజు. మహా అయితే రోజున్నర వెనకబడి ఉంటాయి. అంటే వీటికి ఇవాళ ఇరవై రెండు కాదు. ఇరవయ్యో, ఇరవై ఒకటో. కొన్ని పోయే ఉంటాయి, చలి తగిలిన గుడ్డుకి బలం తక్కువ. కానీ అన్నీ పోయాయని చెప్పడానికి లేదు. తలుపు తీస్తే మాత్రం చెప్పొచ్చు."

ఆ చివరిమాటకి సంఘం పెద్ద తన బిళ్ళని చేతిలోంచి జేబులోకి, జేబులోంచి చేతిలోకి మార్చాడు. "నేను నొక్కింది వెనక్కి తీసుకోవచ్చా?"

"మూడోది పడకముందు ఎప్పుడైనా తీసుకోవచ్చు బాబాయ్. రెండుసార్లు నొక్కండి."

ఆయన నాలుగుసార్లు నొక్కాడు. దాణా కొట్టాయన గుంపులోంచి ముందుకొచ్చి, పక్కకి చూస్తూ, తనదీ వెనక్కి తీసుకున్నాడు.

తరవాత జరగాల్సింది ఇంకొకటి. తీగని ఇప్పుడు మేకు మీంచి దించలేరు, తలుపు తియ్యకూడదు కాబట్టి. పెట్టకే చెప్పాలి, నువ్వు చూస్తున్నది మేకు దగ్గరి వేడి, గుడ్ల దగ్గరిది ఒకటి తక్కువ అని. కోడలు ఆ నియమం రాసి తలుపు పక్కన తెర మీద పెట్టింది. అది అమలవ్వాలంటే మూడు బిళ్ళలు. దీపాలాయన మెడలోంచి తాడు తీశాడు. నొక్కాడు. డాక్టరమ్మ నొక్కింది. చివరింటావిడ సంచి అంతా వెతికి, దువ్వెనా, మందుబిళ్ళల డబ్బా, తాళాల గుత్తీ బయట పెట్టి, అడుగున దొరికిన బిళ్ళని "ఇదిగో, నీ కోసం అన్నయ్యా" అని గట్టిగా నొక్కింది.

తెర మీద పెట్ట రాసింది: *మేకు దగ్గరి వేడి గుడ్ల దగ్గరి వేడి కాదని ముగ్గురు చెప్పారు. కొత్త నియమం ప్రకారం వేడి పెంచుతున్నాను. సాక్ష్యం జత చేశాను.*

లోపల ఫ్యాను చప్పుడు కొద్దిగా మారింది. అది కనిపెట్టింది దీపాలాయన ఒక్కడే.

ఇక చెయ్యడానికి పనేం లేదు. ఎదురుచూడటమే. పైకెత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. బేసిన్లలో నీళ్ళు చల్లారాయి, మళ్ళీ కాచారు, మళ్ళీ చల్లారాయి. ఒకాయన గోడకి ఆనుకుని గురకపెట్టాడు. సంఘం పెద్ద వరండా ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తున్నాడు, బెంచీ మీద కూర్చోమంటే కూర్చుని వెంటనే లేస్తున్నాడు. చివరింటావిడ తన మొగుడు పోయిన ఏట జరిగిన సంగతొకటి మొదలుపెట్టి, ఎక్కడా ఆగకుండా ఇవాళ్టి దాకా తీసుకొచ్చింది.

ఎండ వరండా మెట్లు దిగి వాకిట్లోకి జరిగేసరికి దీపాలాయన లేచాడు. తన దీపం గదిలోంచి చెక్క కొలబద్ద తెచ్చాడు. ఒక కొస తలుపు చట్రానికి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకున్నాడు. ఇనుములోంచి వచ్చిన సన్నని చప్పుడు చెక్కలోంచి చెవికి బాగా వస్తుంది. ఇదీ ఆయన పాత అలవాటే, ఈ అలవాటుకి కళ్ళ డాక్టరు అడ్డం చెప్పలేదు.

"ఉష్" అన్నాడు.

చివరింటావిడ మాట మధ్యలో ఆపేసింది. ఆవిడ మాట మధ్యలో ఆపడం వరండాలో ఎవరూ ఎరగరు. గురకపెట్టే ఆయన్ని కూడా ఎవరో లేపారు.

ఫ్యాను. ఫ్యాను వెనక నీటిచుక్క. ఇంకేమీ లేదు. దీపాలాయన కళ్ళు మూసుకున్నాడు. ఫ్యాను. చుక్క. ఫ్యాను.

టిక్.

గోరుతో పింగాణీ కప్పుని మీటినట్టు. తరవాత చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ టిక్, ఈసారి ఇంకోపక్క నుంచి. దాని వెనకే, పెంకు లోపల్నుంచి, గొంతు ఇంకా తడి ఆరని ఒక సన్నని 'కియ్'.

ఆయన కొలబద్ద దించలేదు. మొహంలో ఏమీ మారలేదు, కానీ కొత్త కంట్లోంచి నీళ్ళు బుగ్గ మీదికి వచ్చేశాయి. తుడుచుకోలేదు. కంటికి ఏదీ తగలనివ్వొద్దన్నారు కదా.

"అన్నయ్యా, చెప్పవయ్యా, ప్రాణాలు తోడేస్తున్నావు" అంది చివరింటావిడ గుసగుసగా. ఆవిడ గుసగుస వాకిట్లోకి వినిపించింది.

"ఉంది" అన్నాడు దీపాలాయన.

అంతే. సంఘం పెద్ద బెంచీ మీద కూలబడి మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదిలాయి. ఎవరో బేసిను తన్నేశారు, నీళ్ళు వరండా అంతా పారాయి, అందులోనే ఇద్దరు కావలించుకున్నారు. కొలబద్ద చేతులు మారింది. డాక్టరమ్మ విన్నది, దాణా కొట్టాయన విన్నాడు, సంఘం పెద్ద విని "రెండు! కాదు, మూడు! ఇదిగో నాలుగోది!" అని అరిచి, అరిచినందుకు తన నోరు తనే మూసుకున్నాడు. తరవాత కోడలి ముందుకొచ్చి నిలబడి, ఏం చెప్పాలో తెలియక, "పెట్టెలు ఉండనీలేమ్మా" అన్నాడు.

"ఉండనిస్తాను బాబాయ్" అంది కోడలు. "మేకు మాత్రం పీకేస్తాను."

"మేకు ఉండనీ" అన్నాడు దీపాలాయన. "కొలబద్ద తగిలించుకుంటాను."

ఇంతసేపూ మాట్లాడనాయన అంతమాటా ఒక్కసారే అనేసరికి అందరూ నవ్వారు. ఈసారి ఎవరూ మధ్యలో ఆగలేదు.

సందడంతా తలుపు దగ్గర ఉండగా కోడలు మెట్ల మీద కూర్చుని ఫోను తీసింది. పొద్దుట్నుంచీ ఆ పిల్ల వెతికింది లెక్కల్లోనే, వేడి పెంచిందెప్పుడు, తగ్గించిందెప్పుడు అని. ఇప్పుడు ఊరికే, మనసు తేలికపడి ఆటగా, పుస్తకంలో 'తీగ' అనే మాట ఎక్కడుందా అని వెతికింది. ఒక్కచోటే ఉంది. చదివింది. మళ్ళీ చదివింది. నవ్వు మొహం మీద ఉన్నట్టే ఉండి, మెల్లగా పోయింది.

"మావయ్యా, ఒకసారి ఇలా రండి."

దీపాలాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆ పిల్ల ఫోను ఆయన కొత్త కంటికి దగ్గరగా పట్టుకుంది.

పదకొండో రోజు, తలుపు పక్కన తెర మీద పెట్ట అడిగింది: *గుడ్లు వదిలే గాలి ఈ రోజుకి ఉండాల్సినంత లేదు. వేడి కొలిచే తీగ గుడ్ల మధ్యే ఉందా? ఒకరు గాజుకంతలోంచి చూసి చెప్పండి.*

దాని కింద జవాబు: *చూశాను. గుడ్ల మధ్యే ఉంది.*

జవాబు కింద బిళ్ళ గుర్తు, టైము. మధ్యాహ్నం పన్నెండూ ఇరవై. బిళ్ళ దీపాలాయనది.

"మీరు చూశారా మావయ్యా?" అంది కోడలు, ఎవరికీ వినబడకుండా.

ఆయన తల అడ్డంగా ఊపాడు. పదకొండో రోజు ఆయన ఇక్కడ లేడు. అరగంట దారిలో ఉన్న కళ్ళాసుపత్రిలో, కంట్లో చుక్కలు వేయించుకుని, ఎదురుగా ఉన్న గోడ కూడా కనబడక, కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మిషను ముందు గెడ్డం ఆనించేముందు మెడలోవన్నీ తీసెయ్యమని నర్సు చెప్పింది. తాడు తల మీంచి తీస్తుంటే పక్కనుంచి ఒక చెయ్యి అందుకుంది. 'నాకివ్వు నాన్నా, జేబులో వేసుకుంటాను' అంది ఆ చేతి గొంతు. 'అలా వెళ్ళి టీ తాగొస్తా' అని వెళ్ళి, రెండు గంటలకి తిరిగొచ్చి, బిళ్ళ జాగ్రత్తగా మెడలో వేసింది.

ఈ తలుపు దగ్గర నిలబడి నొక్కితేనే ఆ బిళ్ళ పనిచేస్తుంది.

అప్పుడే వాకిట్లో వ్యాను హారను మోగింది, రెండుసార్లు, హుషారుగా. కోడిపిల్లల్ని ఇళ్ళకి చేరవెయ్యడానికి అట్టపెట్టెలు నింపుకొచ్చిన వ్యాను. డ్రైవరు తలుపు తెరుచుకుంది. దీపాలాయన కొడుకు, ఈ పిల్ల మొగుడు, నవ్వుతూ కిందికి దూకాడు.

"వచ్చాయటగా నాన్నా! సందు మొదట్లోనే చెప్పారు! చూశావా, నేను చెప్పలేదూ, ఏం కాదని?"

వెనక తలుపు లోపల టిక్కు టిక్కుమంటూ పెంకులు విరుగుతూనే ఉన్నాయి. దీపాలాయన బిళ్ళని పిడికిట్లో పెట్టి మూశాడు. కోడలు ఫోను ఆర్పకుండా అలాగే పట్టుకుని, మెట్టు మీంచి లేచి నిలబడింది.